చల్లారకముందే తీసిన గ్లాసులు

మొదటి రోజే ఆమె అతని గ్లాసు పగలగొట్టింది.

కక్షతో కాదు, ఆమె ఉద్యోగమే అది. కొవ్వొత్తుల కంపెనీ కోసం మైనం పోసే పాత్రలు వెతికి తేవాలి, అవి వేడికి ఆగుతాయో లేదో తేల్చాలి. మట్టి కప్పులకు లోపల మెరుపు పూత సరిగా పట్టకపోతే మైనంలోని నూనె పీల్చుకుని అడుగున చెమరుస్తాయి. సిమెంటువీ అంతే. అతుకులున్న రేకు డబ్బాల్లోంచి కరిగిన మైనం కారుతుంది. ఇన్ని తిప్పలు పడ్డాక ఈ గాజు కార్ఖానాకు వచ్చి, నమూనా గ్లాసులో మరిగే నీళ్ళు పోసి, వెంటనే చన్నీళ్ళ బకెట్లో ముంచింది. టిక్కుమంది.

“మా గ్లాసుకి స్నానం చేయించినవాళ్ళు మీరొక్కరే,” అన్నాడు పెద్దమేస్త్రి కొడుకు.

“పాపం, చలికి తట్టుకోలేకపోయింది,” అందామె ముక్కలు ఏరుతూ.

అతనికి ఉక్రోషం వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకోలేదన్న మాటే గానీ, కార్ఖానా అంతా తిప్పి చూపించాడు. గొట్టం చివర ఎర్రటి గాజు ముద్ద తీసి అచ్చులో పెట్టి ఊదడం, అంచు కోసి నునుపు చెయ్యడం, చివరికి చల్లార్చే పొయ్యిలో పెట్టి నిదానంగా వేడి దించడం. ఆ చివరి పనికే ఎక్కువ ఓపిక కావాలన్నాడు.

“తొందరపడి తీస్తే పైకి నవ్వుతూనే ఉంటుంది. లోపల మాత్రం కుతకుతలాడుతుంటుంది. ఎప్పుడో ఒకప్పుడు భళ్ళుమంటుంది.”

“ఎవరి గురించి చెప్తున్నారు?”

“గాజు గురించే. మీరెందుకు ఉలిక్కిపడ్డారు?”

ఆ తర్వాత ఫోన్లో తేలిపోయే పనులకు కూడా ఆమె స్వయంగా రావడం మొదలుపెట్టింది. పనివాళ్ళు ఆమెకు ‘పగుళ్ళమ్మాయి’ అని పేరు పెట్టారు. వాన పడితే వాన తగ్గేదాకా ఉండేది. తగ్గాక చూరు నీళ్ళు కారడం ఆగేదాకా ఉండేది. మీరు కాస్తా నువ్వులోకి దిగింది. ఇద్దరూ గ్లాసుల మందం గురించి గంటలకొద్దీ వాదించుకునేవారు తప్ప, చెప్పాల్సిన మాట ఒక్కటీ చెప్పుకోలేదు.

పెద్దమేస్త్రికి ఓపిక నశించింది. ఒకరోజు ఆమెతో, “ఇక నన్ను మేస్త్రి గారూ అని పిలవకమ్మా. మావయ్యా అను,” అన్నాడు. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కొడుకు లేని పని కల్పించుకుని బయటికి పోయాడు.

అదే సమయంలో ఆమె ఆఫీసులో రేకు డబ్బాల మాట లేచింది. ఒకే రేకును ప్రెస్సులో నొక్కి అతుకు లేకుండా చేస్తున్నారు, కారవు, పగలవు, ఇక గాజెందుకన్నారు. ఆమె పోట్లాడి పెద్ద ఆర్డర్ కార్ఖానాకే వచ్చేలా చేసింది. గడువు మాత్రం బిగించి ఇచ్చారు. కుదురుతుందా అని అడిగితే అతను కళ్ళు మూసుకుని కుదురుతుందన్నాడు.

చెప్పిన రోజుకే అతను సరుకు తెచ్చాడు. పరీక్షకని ఆమె కొన్ని గ్లాసులు పక్కన పెడుతుంటే, “ఇంకా నా మీద నమ్మకం కుదరలేదా?” అన్నాడు నవ్వుతూ. ఆమె కూడా నవ్వేసి, తీసినవి తీసినట్టే పెట్టెలో పెట్టేసింది. ఉద్యోగంలో చేరాక పరీక్ష లేకుండా సరుకు వదలడం అదే మొదటిసారి.

గ్లాసులు అమ్ముడైన కొన్నాళ్ళకు, ఒక టీచరమ్మ ఇంట్లో వెలుగుతున్న కొవ్వొత్తి గ్లాసు అడుగు ఊడిపోయింది. సలసల కాగే మైనం ఆవిడ చేతి మీద పడింది. కబురు తెలిసి ఆమె ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆవిడకు మోచేతిదాకా కట్టు ఉంది.

“నేనేమైనా తప్పుగా వెలిగించానా అమ్మా?” అని అడిగిందావిడ.

లేదండీ అని మాత్రం అనగలిగింది. అక్కణ్ణుంచి తిన్నగా కార్ఖానాకు వెళ్ళింది.

“నీకు తెలుసా?”

అతను తల దించుకున్నాడు. “తెలుసు. పొయ్యి చల్లారకముందే తీయించాను. నాన్నకు చెప్పలేదు.”

“ఎందుకు?”

“ఆర్డర్ ఆ డబ్బాలవాళ్ళకి పోతే నువ్వింక రావనుకున్నా. నువ్వంటే నాకిష్టం. నువ్వు రాకపోతే నేను...”

ఆ మాట అతని నోట వినాలని ఆమె ఎన్నాళ్ళో ఎదురుచూసింది. ఇప్పుడు వింటుంటే ఆ తెల్లటి కట్టే కళ్ళముందు ఆడింది.

“నేను గ్లాసుల కోసం వస్తున్నాననుకున్నావా ఇన్నాళ్ళూ?”



ఆఫీసులో ఆమె తన తప్పు తానే ఒప్పుకుంది. అమ్మిన గ్లాసులన్నీ వెనక్కి తెప్పించారు. ఆర్డర్ రేకు డబ్బాలకే పోయింది. సంగతి తెలిసి పెద్దమేస్త్రి మిగిలిన సరుకంతా తన చేత్తోనే పగలగొట్టి, ఆమెను వెతుక్కుంటూ ఆఫీసుకు వచ్చాడు. “వాడు చెడ్డవాడు కాదమ్మా. కానీ నిన్ను మా ఇంటికి రమ్మని అడిగే మొహం నాకు లేదు,” అన్నాడు. ఆమె మావయ్యా అనబోయి మానుకుంది. మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

మరుసటి వానాకాలం, డబ్బాల ఫ్యాక్టరీ ముందు ఆమె బస్సు కోసం నిలబడి ఉంటే అతను వచ్చాడు. చిక్కిపోయాడు. టీచరమ్మ దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగానన్నాడు. ఇప్పుడేదీ తొందరపడి తియ్యడం లేదన్నాడు.

“ఒక్కసారి వచ్చి చూడు. అన్నీ బావున్నాయి.”

“బావుండే ఉంటాయి. కానీ నువ్వు బావుందన్న ప్రతిసారీ నేను పరీక్ష చేసుకోవాలి. గ్లాసులతో అయితే చేస్తాను. మొగుడితో అలా కాపురం చెయ్యలేను.”

అతను మెల్లగా, “ఇష్టం పోయిందా?” అన్నాడు.

“పోయుంటే నీ ముందు నిలబడటం ఇంత కష్టంగా ఉండేది కాదు.”

బస్సు వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. అద్దం మీద వాన ధారలు కట్టి బయటిదేదీ కనిపించలేదు. టికెట్ ఇచ్చిన కండక్టరే మళ్ళీ వచ్చి, మీ స్టాపు ఎప్పుడో దాటిపోయిందమ్మా అని చెప్పేదాకా, ఆమె దిగాలన్న సంగతే మరిచిపోయింది.