రేపు పది గంటల దాకా

“సాయంత్రానికి కావాలండీ.”

“రేపు పదింటికి.”

“అర్జెంటండీ.”

“మీకు అర్జెంటు. గాజుకి కాదు.”

వాళ్లిద్దరి మధ్య మొదటి మాటలు ఇవే. కెమిస్ట్రీ భవనం వెనక మెట్లు దిగితే వచ్చే గాజు వర్క్‌షాప్ అది. గుమ్మంలో కారుతున్న గొడుగుతో అతను, లోపల మంట ముందు రంగు కళ్లద్దాలతో ఆమె. బయట పొద్దున్నుంచీ తెరిపి ఇవ్వని వాన.

అతను పీహెచ్‌డీ కుర్రాడు. ఆమె ఆ యూనివర్సిటీకి ఉన్న ఒకే ఒక్క గాజు పని చేసే మనిషి. అంతకుముందు ముప్ఫై ఏళ్లు వాళ్ల నాన్న ఆ స్టూలు మీదే కూర్చున్నాడు. ఆయన్ని అందరూ మాస్టారు అనేవారు. ఆయన రిటైరయ్యాక స్టూలు కూతురికి వచ్చింది. ల్యాబుల్లో పగిలినవి అతికేది, బజారులో దొరకనివి ఊది చేసేది ఆమే. గాజులమ్మాయి అని పేరు పెట్టారు గానీ, మంట దగ్గర పని కదా, ఆమె చేతులకు ఒక్క గాజు కూడా ఉండేది కాదు.

“అతకడం అయిపోయింది కదండీ. ఇంకా ఆ ఓవెన్‌లో ఎందుకు?”

“మెల్లగా చల్లారాలి. ఇప్పుడే తీశారనుకోండి, పైకి బాగానే ఉంటుంది. లోపల బిగుసుకుపోయి ఉంటుంది. ఏ రోజో మీ చేతిలోనే ఠప్పుమంటుంది.”

“మా గైడ్‌గారి లాగా అన్నమాట.”

ఆమెకు నవ్వొచ్చింది గానీ, కళ్లద్దాలు తియ్యలేదు.

“రేపు పదింటికి రండి స్కాలర్‌గారూ. గొడుగు బయట పెట్టి రండి.”

మర్నాడు తొమ్మిదింటికే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఆ తర్వాత రెండేళ్లపాటు, పని ఉన్నా లేకపోయినా కూర్చున్నాడు.

అతను చేస్తున్నది ఎండ వేడితో ఉప్పునీటిని మంచినీరుగా మార్చే పరికరం. దానికి స్ప్రింగులా చుట్టలు తిరిగిన గాజు గొట్టం కావాలి. అలాంటి గొట్టం ఎక్కడా అమ్మరు. అతను కాగితం మీద గీసేవాడు, ఆమె చూసి పెదవి విరిచేది, చివరికి తనకు తోచినట్టు ఊదేది. అదే పనిచేసేది.

“మీ థీసిస్ కూడా నేనే రాసిపెట్టనా?” అనేది.

“సంతకం నాది, మిగతాదంతా మీది.”

“సంతకమైనా తిన్నగా చేస్తారో లేదో.”

రెండో ఏడు వర్క్‌షాప్ తాళంచెవి ఒకటి అతనికీ ఇచ్చింది. ఆ రోజు చెప్పాలనుకున్నాడు. మాట గొంతు దాకా వచ్చి, “ఈ చుట్ట ఇంకాస్త వెడల్పుగా ఉండాలేమో” అయి బయటపడింది. ఆమె కాసేపు అతని వైపే చూసి, “అంతేనా?” అంది. అంతే అన్నాడు. మహానుభావుడు!

ఈలోగా యూనివర్సిటీ మారిపోయింది. కొత్త డైరెక్టర్‌గారు వచ్చి, ఇక మీదట ఇది డిగ్రీలు ఇచ్చే చోటు కాదు, కంపెనీలు పుట్టే చోటు అన్నారు. సెమినార్ హాలు, పెట్టుబడి అడిగే పిచ్ హాలయింది. లైబ్రరీలో పాత పత్రికల గది ఖాళీ చేసి రంగురంగుల మెత్తలు వేశారు. ‘రిఫరెన్స్ ఏదయ్యా’ అని గద్దించే గైడ్‌గారు ‘మార్కెట్ ఏదయ్యా’ అని గద్దించడం మొదలుపెట్టారు. ఉన్నట్టుండి అతను స్కాలర్ కాకుండా పోయి, ఫౌండర్ అయ్యాడు. కార్డులు కూడా అచ్చువేశారు.

అబద్ధమెందుకు, అతనికి అది నచ్చింది. నాలుగేళ్లుగా ల్యాబ్ దాటని తన పరికరం నిజంగా ఎవరింట్లోనో నీళ్లిస్తుందన్న ఆశ చెడ్డదేమీ కాదు.

కానీ గదులన్నిటినీ లెక్కగట్టే కమిటీ కూడా ఒకటి వేశారు. కంపెనీలకు పనికొచ్చే గది ఉంటుంది. పనికిరానిది పోతుంది.

“భయంగా ఉందా?” అని అడిగాడు.

“పేర్లు ఏవైనా పెట్టుకోనీండి. నా మంట ఆర్పకపోతే చాలు. నాన్న వెలిగించింది అది.” అని, మంట కాస్త తగ్గించి, “అయినా పెట్టుబడిదార్ల ముందు మీ డెమోలో నా గొట్టం చూశాక ఎవరు ఆర్పుతారు, ఫౌండర్‌గారూ?” అంది.

డెమో పెద్ద పండగలా పెట్టారు. ముందురోజు మధ్యాహ్నం ఆమె కొత్త గొట్టం పూర్తిచేసి ఓవెన్‌లో పెట్టింది. “రేపు పదింటికి తీద్దాం. మీ వంతు పదకొండుకి కదా.”

తెల్లారి ఆరింటికి ఫోనొచ్చింది. పెట్టుబడి పెట్టే అతిథులకు విమానం టైమట, అతని వంతు ఎనిమిదికి మార్చారు.

ఆమెకు ఫోన్ చేయొచ్చు. చేస్తే వద్దంటుంది. అందుకే చేయలేదు. తాళం తీసి, ఓవెన్ తలుపు తెరిచాడు. సెగ ముఖానికి కొట్టింది. మందపాటి గ్లవుజులు వేసుకుని గొట్టాన్ని తీసి పక్కనున్న రాతి బల్ల మీద పెట్టాడు. టిక్కుమని చిన్న చప్పుడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. ఏమీ కనపడలేదు. కనపడకూడదని గట్టిగా కోరుకునేవాడికి ఏం కనపడుతుంది?

వేదిక మీద వేడి ఉప్పునీళ్లు పోయగానే గొట్టం రెండుగా విడిపోయింది. నీళ్లు ముందు వరుస అతిథుల బూట్ల దాకా పారాయి.

“ఏమైంది?” అని అడిగాడు ఒకాయన మైకులో.

అతను మైకు అందుకున్నాడు.

“క్యాంపస్ వర్క్‌షాప్‌లో చేయించాం సార్. పనితనం సరిగ్గా లేదు. ఇకమీదట బయట చేయిస్తాం.”

డైరెక్టర్‌గారు తల ఊపి ఏదో రాసుకున్నారు. అప్పుడు చూశాడు, ఆఖరి వరుస వెనక నిలబడ్డ ఆమెని. వంతు మారిన కబురు తెలిసి పరుగెత్తుకొచ్చినట్టుంది, జుట్టు తడిసిపోయి ఉంది. అందరూ వెళ్లాక వేదిక ఎక్కి, ముక్కలన్నీ ఒక గుడ్డలో ఏరుకుంది. అతను “ఏవండీ” అన్నాడు. ఆమె తలెత్తలేదు.

వింతేమిటంటే అతని కంపెనీ ఎంపికైంది. వైఫల్యాన్ని నిబ్బరంగా ఎదుర్కొన్నాడని మెచ్చుకున్నారు కూడా. వారం తిరక్కుండా ఒక నోటీసు కూడా వచ్చింది. గాజు వర్క్‌షాప్ మూసేస్తున్నారు. ఆ గది ఐడియా లౌంజ్ అవుతుంది. సిబ్బంది ఒకరు రిసెప్షన్‌కి మారతారు.

రోజూ ఆ మెట్ల దాకా వెళ్లాడు. రోజూ వెనక్కి తిరిగాడు. రాసిన మెసేజీలు రాసినట్టే చెరిపేశాడు. కిటికీలోంచి ఆమె వంగి పనిచేయడం కనిపించేది. పోయేలోగా పెండింగ్ పనులన్నీ ముగిస్తోంది. అందులో తను ఎప్పుడో ఇచ్చిన అతుకు పని కూడా ఒకటుందని, దాన్ని కూడా చేసి అట్టపెట్టెలో సర్ది పంపిందని ల్యాబ్‌లో తెలిసినప్పుడు అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది.

డెమో అయి తొమ్మిది రోజులు గడిచాయి. పదో రోజు తాళాలు అప్పగించడానికి ఆమెను కమిటీ గదికి పిలిచారు. అతను పిలవకుండానే వెళ్లాడు.

“సార్, ఆ గొట్టంలో లోపం లేదు. ఈవిడ పదింటికి తీయమన్నారు. నేను ఆరున్నరకే తీశాను. వేడి గాజుని చల్లటి రాయి మీద పెట్టాను. తప్పు నాది. అందరి ముందూ ఈవిడ మీద తోసేశాను.”

డైరెక్టర్‌గారు కుర్చీలో వెనక్కి వాలారు. “వెరీ గుడ్. ఎంత నిజాయితీ! ఈ కథ నీ తర్వాతి పిచ్‌లో పెట్టుకో.”

“కథ కాదు సార్. వర్క్‌షాప్ మూయకండి.”

“టెండరు ఇచ్చేశామయ్యా. రేపు గోడలకి రంగులు వేయడానికి వస్తున్నారు.” ఆయన ఆమె వైపు చెయ్యి చాపారు. “తాళాలమ్మా.”

ఆమె బల్ల మీద తాళాలు పెట్టి బయటికి నడిచింది. అతను తన దగ్గరున్న తాళం కూడా పక్కన పెట్టి వెనకాలే వెళ్లాడు. వరండా చివర వాన జల్లు లోపలికి కొడుతోంది. ఆమె అక్కడే ఆగింది.

“నాకు ముందే తెలుసు,” అంది. “ముక్కలు చూడగానే తెలిసింది. అతుకు ఊడితే అతుకు దగ్గరే ఊడుతుంది. నీ పగులు వంకర్లు తిరిగి పాకింది. వేడిది చల్లటి దాన్ని తాకితేనే అలా అవుతుంది.”

రెండేళ్లలో ఆమె అతన్ని ‘నువ్వు’ అనడం అదే మొదలు. ఎంత కలలు కన్నాడో ఆ మాట కోసం! ఇలా వస్తుందనుకోలేదు.

“మరి కమిటీకి ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు చెప్తావని.” వాన వైపు తిరిగింది. “ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అనుకుంటూ కూర్చున్నాను. మెట్ల దాకా వచ్చేవాడివి. నీ చెప్పుల చప్పుడు నాకు తెలియదనుకున్నావా? తిరిగి వెళ్లిపోయేవాడివి. నిన్న పొద్దున టెండరు ఇచ్చేశారు. నిన్న పొద్దున! మొన్న చెప్పినా ఏమన్నా ఆగేదేమో.”

అతనికి క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది, మళ్లీ నిండాయి.

“ఇంకొకటి కూడా చెప్పాలి,” అన్నాడు చివరికి.

“ఇవాళ వద్దు. ఇవాళ ఏది విన్నా ఏడుపే వస్తుంది. ఆదివారం ఇంటికి రా. ముందు నాన్నకి ఓవెన్ సంగతి చెప్పు. ఆ స్టూలు ఆయనది. తర్వాత ఆ రెండోది చెప్పుకో.”

ఆదివారం కూడా వాన వదల్లేదు. ముందు గదిలో ఒకే కిటికీ, దాని పక్కన పడక్కుర్చీలో మాస్టారు. మంట చూసి చూసి మసకబారిన కళ్లు. అతను నిలబడే అంతా చెప్పాడు, ఒక్క ముక్క దాచలేదు. ఆయన అరిచేతుల మీది పాత కాలిన మచ్చలు ఒకదాన్నొకటి రుద్దుకుంటూ కూర్చున్నాడు.

“మంట ఎప్పుడు ఆర్పారు?” అనడిగాడు.

“శుక్రవారం, నాన్నా. నేనే ఆర్పాను,” అంది ఆమె వంటింటి గుమ్మంలోంచి.

ఆయన తల పంకించాడు. అతను, వెళ్లిపోమంటే వెళ్లిపోవడానికి సిద్ధంగానే ఉన్నాడు.

“రెండోదేదో ఉందంది అమ్మాయి. అదేమిటి?”

“మీ అమ్మాయంటే నాకు ఇష్టమండీ. చాలా ఇష్టం. అడిగే ముఖం లేదు, తెలుసు. అయినా చెప్తున్నాను.”

“ఇదెప్పట్నుంచి?”

“రెండేళ్ల నుంచండీ.”

“రెండేళ్లూ ఏం చేశావు?”

అతను నోరు తెరిచేలోగా గుమ్మంలోంచి జవాబొచ్చింది. “గొట్టం వెడల్పు గురించి మాట్లాడాడు, నాన్నా.”

మాస్టారు నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగి, దగ్గు ఆగాక కళ్లు తుడుచుకున్నాడు. అవి దేని నీళ్లో అడిగే ధైర్యం అక్కడెవరికీ లేదు.

“కూర్చో బాబూ,” అని ఎదురుగా ఉన్న కుర్చీ చూపించాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు. “అమ్మాయ్, ఇతనికి తొందరపడటమైనా వచ్చు, ఆలస్యం చేయడమైనా వచ్చు. వేళకి ఏదీ చేతకాదు. ఆలోచించుకో.”

ఆమె గుమ్మం దాటి వచ్చింది. కళ్లింకా ఎర్రగానే ఉన్నాయి. రేపు ఎనిమిదింటికి రిసెప్షన్ బల్ల దగ్గర కూర్చోవాలి, ఐడియా లౌంజ్ ఎటువైపో వచ్చినవాళ్లకి చూపించాలి. అతనికి మంచినీళ్ల గ్లాసు అందించి, వేళ్లు తగిలినా వెంటనే వెనక్కి తీసుకోలేదు.

“ఆలోచించాను నాన్నా,” అంది. “నేర్పుతాలే.”