ఎవరూ విడదీయలేని సంఖ్య

నీలరేవు సముద్రపు గేట్లు రెండూ ఒకేసారి తెరుచుకున్నాయి. ఎన్నడూ జరగకూడనిది అదే. సముద్రమట్టం పెరిగాక ఆ ఊరు నీటికంటే కిందికి పోయింది. చుట్టూ వంద అడుగుల గోడ కట్టుకుని బతుకుతోంది. వేట పడవలు లోపలికి రావాలంటే ముందు బయటి గేటు తెరవాలి, అది మూసుకున్నాకే లోపలి గేటు తెరవాలి. ఇప్పుడు రెండు గేట్లలోంచీ తుఫాను సముద్రం బజారులోకి వస్తోంది.

కంట్రోల్ రూములో డాక్టర్ కేదారేశ్వరి గేట్లు మూయించింది. మూసుకున్నాయో లేదో, మళ్ళీ కదిలాయి. ఎక్కడినుంచో ఎవరో తెరుస్తున్నారు. ఆ ఎవరో ఇప్పటికీ తెలియదు.

గేట్ల తాళం కనిపెట్టింది ఆవిడే. తాళమంటే ఇనుము కాదు, ఆరువందల అంకెల సంఖ్య. అందరికీ కనబడేలా గేటు మీదే రాసి ఉంటుంది. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను గుణిస్తే వచ్చిన సంయుక్త సంఖ్య అది. గుణించడం కంప్యూటర్‌కు చిటికెలో పని. వచ్చినదాన్ని చూపించి, గుణించినవి ఏవో చెప్పమంటే మాత్రం ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ తలకిందులుగా తపస్సు చేసినా చెప్పలేవు. ఆ రెండూ చెప్పినవాళ్ళకే గేటు తెరుచుకుంటుంది.

స్క్రీన్ మీది అంకెలు చూసి ఆవిడ ఉలిక్కిపడింది. "ఇది నేను పెట్టిన సంఖ్య కాదే!"

ఊరి ప్రెసిడెంటు పైడిరాజు నీళ్ళు నమిలాడు. "మీరెట్టిన నంబరు కూడితే ఎనిమిదొచ్చింది డాక్టరమ్మా. ఎనిమిదంటే శని కదా. కాంట్రాక్టరు సేత తొమ్మిదొచ్చేలా మార్పించాం. బండి కొంటే సూసుకోమేటి?"

కేదారేశ్వరి ఆ సంఖ్యను తొమ్మిదితో భాగించి చూసింది. "అంకెలు కూడితే తొమ్మిది వచ్చే సంఖ్య ఏదైనా తొమ్మిదితో భాగం పోతుందని బళ్ళో చెప్పలేదా ప్రెసిడెంటు గారూ? పెద్ద ప్రధాన సంఖ్యలు రెండు గుణిస్తే మొత్తం తొమ్మిది ఎన్నటికీ రాదు. మీ కాంట్రాక్టరు ఏం చేశాడో తెలుసా? రెండింటిలో ఒకటి తొమ్మిదే పెట్టేశాడు. తొమ్మిదితో భాగిస్తే రెండోది చేతికొచ్చేస్తుంది!"

ఆవిడ మెషీన్ ఆన్ చేసింది. "కొత్త సంఖ్య తయారవుతోంది. దాన్ని విడగొట్టే రెండు సంఖ్యలూ మీ దగ్గరొకటి, నా దగ్గరొకటి ఉంటాయి."

"నా దగ్గరొద్దు!" అన్నాడు పైడిరాజు. గుమ్మంలో కిక్కిరిసిన జనం గోల పెట్టారు. "ఎవల దగ్గరా వద్దు! ఒకరికి తెలిస్తే ఊరందరికీ తెలిసినట్టే. ఆ మెషీన్ కూడా మర్సిపోవాల!"

"మెషీన్ కూడా మర్చిపోతే..." అని ఆవిడ ఏదో చెప్పబోయింది. ఇంతలో గోడ పక్కనున్న ఇల్లు ఒకటి కూలింది. అరుపులు. నీళ్ళు ఆవిడ నడుము దాకా వచ్చాయి. శాస్త్రవేత్తకైనా ప్రాణం తీపే. భయంతో ఆవిడ బుర్ర పనిచేయలేదు.

"సెరిపెయ్యమ్మా!" పైడిరాజు అరిచాడు.

ఆవిడ ఆ రెండు సంఖ్యలూ చెరిపేసింది.

గేట్లు మూసుకున్నాయి. ఈసారి కదల్లేదు. ఎవరో అవతల నుంచి పాత అంకెలు పంపుతూనే ఉన్నారు, గేట్లు ఒప్పుకోవడం లేదు. జనం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. పైడిరాజు రెండు చేతులెత్తి ఆవిడకు దండం పెట్టాడు.

అప్పుడు అతని భార్య తవిటమ్మ నెమ్మదిగా అడిగింది. "పొద్దున్న ఏటకెల్లినోల్లు ఎలాగొస్తారు? మన పిల్లోడు అప్పన్న?"

గోడెక్కి తాడు వేద్దామంటే ఆ గాలికి పైన మనిషి నిలబడలేడు. గేటు ఇనుము కోయాలంటే రోజులు పడతాయి.

"తెరమ్మా," అన్నాడు పైడిరాజు.

"నా వల్ల కాదు. ఎవరి వల్లా కాదు. ఇంకో సంఖ్య పెట్టాలన్నా ముందు చెరిపేసిన ఆ రెండూ చెప్పాలి. మీరడిగిందే చేశాను," అంది కేదారేశ్వరి.

అతను నీళ్ళలో పడుతూ లేస్తూ వెళ్ళి గేటు దగ్గరి మీటల మీద ఏవో అంకెలు నొక్కాడు. తప్పు, అంది గేటు. మళ్ళీ నొక్కాడు. తప్పు. ఇనుపగోడకు అవతల పడవ ఏదో దబ్బున కొట్టుకుంది. ఆ హోరులోంచి "నాన్నా!" అన్న కేక వినబడింది.

పైడిరాజు ఇంకో సంఖ్య నొక్కాడు.