ఖర్తా గట్టు మీద చేతులెత్తినవాడు

కాకసస్ కొండల్లో మంచు మీద జారడానికి వచ్చేవాళ్లకు ఖర్తా గట్టు మీది పాత వాతావరణ కేంద్రం గురించి ఎవరూ చెప్పరు. చెబితే పైకి వెళ్లరు కదా... అక్కడ పనిచేసిన ఇలారియన్ అనే ముసలాయన ఒక మంచు తుపానులో బయటికి వెళ్లి, మళ్లీ ఎవరికీ కనిపించలేదట. చీకటి పడే వేళ ఆ కేంద్రం గది ముందు రెండు చేతులూ పైకెత్తి నిలబడతాడట— నన్ను తీసుకుపోండి, అని.

కింద రేడియో గదిలో కూర్చుని హెలికాప్టర్లకు దారి చెప్పే నెస్తాన్ ఇలాంటివన్నీ కొట్టిపారేసేది. ఆవిడకు తెలిసింది ఒకటే శాస్త్రం. దిగేచోట మనిషి రెండు చేతులూ ఎత్తితే దిగాలి. ఒక చెయ్యి పైకి, ఒకటి కిందికి పెడితే దిగకూడదు. ఆ సైగ చూడందే ఎవరూ నేలను తాకడానికి వీల్లేదు.

ఆ సాయంత్రం గట్టు మీది ఆ పాత గదిలోనే కాలు విరిగిన పర్యాటకుడొకడు మూలుగుతున్నాడు. తోడుగా ఉన్నది సైగలిచ్చే మల్ఖాజ్ ఒక్కడే. మధ్యాహ్నం నుంచీ కమ్ముకున్న పొగమంచు అప్పుడే కాస్త విడింది గానీ, చీకటి తరుముకొస్తోంది. ఈ పూటే కిందికి దించకపోతే ఆ కాలు దక్కదని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

"కనిపించాడమ్మాయ్," రేడియోలో పైలట్ జుంబెర్ గొంతు. "నారింజ రంగు బట్టలు. రెండు చేతులూ ఎత్తాడు. దిగుతున్నా."

అంతలో పక్కనున్న రెండో రేడియో గరగరలాడింది. మల్ఖాజ్.

"అక్కా, హెలికాప్టర్ చప్పుడు దగ్గరికొచ్చింది. ఒక్క క్షణం ఆగమను. కాలికి కట్టు కడుతున్నా, ఇంకా బయటికి రాలేదు."

నెస్తాన్ రెండో రేడియోను నోటి దగ్గరికి లాక్కుంది.

"నువ్వు... లోపలున్నావా?"

"లోపలే."

"మరి బయట ఉన్నదెవడ్రా?"

మల్ఖాజ్ గొంతు గుసగుసలోకి దిగింది— "ఆ మాట నన్ను అడక్కుండా ఉండాల్సింది అక్కా."

"బాబాయ్, దిగకు," అంది నెస్తాన్ మొదటి రేడియోలో. "పైనే తిరుగుతూ ఉండు."

"వాడు పిలుస్తున్నాడే తల్లీ."

"పిలవనీ. ఒరే మల్ఖాజ్, బయటికెళ్లి వద్దని సైగ చెయ్."

"నేనా... ఇప్పుడు నా ఒంటిమీద..."

"వెళ్తావా లేదా?"

తలుపు కిర్రుమంది. వాడి పళ్లు టకటకలాడటం రేడియోలో స్పష్టంగా వినిపించింది... ఆ తర్వాత అదీ ఆగిపోయింది.

"అమ్మాయ్," అన్నాడు జుంబెర్ నెమ్మదిగా. "ఇప్పుడు ఇద్దరున్నారు. నారింజవాడు రమ్మంటున్నాడు. పక్కనొకడు ఉత్త లాగుతో నిలబడి వద్దంటున్నాడు. ఎవరి మాట వినను?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో నెస్తాన్‌కు ఇలాంటి ప్రశ్న ఎదురుకాలేదు.

"లాగువాడి మాట విను బాబాయ్."

రెండో రేడియోలో చెక్కను కొట్టినట్టు ఠక్కుమని చప్పుడు. దాని వెంటే నవ్వో ఏడుపో తెలియని గొంతు.

"అక్కా... ఇది నా ఓవరాలే, చొక్కా ప్యాంటూ కలిసిన ఆ నారింజ బట్టే. ఈ మహానుభావుడు నొప్పికి తన్నుకుని సూప్ గిన్నె నా మీద ఒలకబోశాడు. ఉతికి, నీళ్లు కారతాయని తలకిందులుగా తీగకు తగిలించా. గడ్డకట్టి నిలబడింది. ఎత్తినవి చేతులు కావు... కాళ్లు."

"దిగేచోట బట్టలారేస్తావా? గాలికి లేచి రెక్కల్లో చుట్టుకుంటే ముగ్గురూ పోయేవాళ్లు కదరా," అని తిడుతూ తిడుతూనే నెస్తాన్ ఏడ్చేసింది.

మల్ఖాజ్ ఓవరాల్‌ను ఈడ్చుకెళ్లి గదిలో పడేశాడు. లాగుతోనే మళ్లీ వచ్చి రెండు చేతులూ ఎత్తాడు. హెలికాప్టర్ దిగింది.

కింద, దెబ్బతిన్నవాణ్ణి అంబులెన్స్ ఎక్కించాక చూస్తే, మల్ఖాజ్ ఇంకా లాగుతోనే వణుకుతున్నాడు. నెస్తాన్ తన కోటు తీసి కప్పింది.

"వెధవా, దాన్నే తొడుక్కుని రాలేకపోయావా? పొయ్యి దగ్గర పెడితే మెత్తబడేది కదా."

"తొడుక్కుందామనే చెయ్యి దూర్చా అక్కా."

"మరి?"

మల్ఖాజ్ గట్టు వైపు చూడకుండా గొంతు తగ్గించాడు.

"పైన చెక్కలా బిగుసుకుపోయి ఉంది... లోపల వెచ్చగా ఉంది."