రత్నాలుకి రాసిన ఉత్తరాలు

మా చెల్లెలు రత్నాలుకి చదువు రాదు. అమ్మకి కిడ్నీ జబ్బు ముదిరాక ఇంట్లో ఎవరో ఒకరు ఉండాల్సి వచ్చింది. రెండో తరగతిలో దాన్ని బడి మాన్పించారు. నేను పదో తరగతి వరకూ చదివాను. అందుకే దాని మొగుడు రాసిన ఉత్తరాలు నేనే చదివి వినిపించేదాన్ని.

మొగుడంటే పరాయివాడు కాదు. నందిగాంలో ఉన్న మా మేనత్త కొడుకు యుగంధర్. మిలటరీలో సిపాయి. చిన్నప్పటి నుంచీ అతను నాకే అని పెద్దలు అనుకున్నారు. నేనూ అనుకున్నాను. తొంభై ఎనిమిది వేసవిలో సెలవుకి వచ్చి, మా తోటలో జీడిపిక్కలు ఏరుతున్న రత్నాలుని చూశాడు. చేసుకుంటే ఆ గుంటనే చేసుకుంటానని అత్తతో చెప్పాడట. పెద్దది ఉండగా చిన్నదాన్ని ఎలా ఇస్తామని నాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు. చివరికి ఆ ముడి విప్పింది నేనే. నాకు బావ వద్దని అందరి ముందూ నవ్వుతూ చెప్పాను. ఆ నవ్వు ఎంతసేపు పట్టి ఉంచానో... దవడలు నొప్పెట్టాయి.

పెళ్ళయిన నలభై రోజులకి అతను వెళ్ళిపోయాడు. అమ్మని చూసుకోడానికి రత్నాలు మా ఇంట్లోనే ఉండిపోయింది.

మాది వజ్రపుకొత్తూరు దగ్గర ఊరు. కొబ్బరితోటలు దాటితే సముద్రమే. మధ్యాహ్నం అన్నాలయ్యే వేళకి పోస్టుమాన్ పోలారావు సైకిల్ గంట వినబడేది. పెరట్లో పీచు తీయడానికి పోసిన కొబ్బరి డొక్కల గుట్ట పక్కన నీడలో ఇద్దరం కూర్చునేవాళ్ళం. నానిన డొక్కల వాసన, మీద ఉప్పుగాలి. రత్నాలు చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఆ నీలం ఇన్‌లాండ్ ఉత్తరాన్ని ఒకసారి బుగ్గకి ఆనించుకుని నా చేతికిచ్చేది.

"చదివేది రజని అని తెలుసు. అయినా రాస్తున్నాను. నీ మెడ వెనక పుట్టుమచ్చ నిన్న కలలోకి వచ్చింది" అని అతను రాసేవాడు. "ఇక్కడ చలి ఎక్కువగా ఉంది" అని నేను చదివేదాన్ని. "నీ గొంతు వినకుండా ఇన్ని రోజులు ఎలా బతికానో తెలియడం లేదు" అని రాస్తే, "అత్తయ్యకి మందులు సరిగ్గా ఇవ్వు" అని చదివేదాన్ని.

"ఇంతేనేటప్పా?" అనేది రత్నాలు. మా వైపు అక్కని అప్ప అంటారు.

"అంతే."

"కాయితం నిండా రాసినాడు గదా."

"అక్షరాలు పెద్దవి."

నమ్మేది. నేను దాటేసిన మాటలన్నీ నా దగ్గరే ఉండిపోయేవి. వంట చేస్తూ, బట్టలు ఉతుకుతూ వాటిని లోపల్లోపల చెప్పుకునేదాన్ని, నాకే రాసినట్టు. నా మెడ వెనక పుట్టుమచ్చ లేదు. అద్దం తిప్పి తిప్పి చూసుకున్నాను.

జవాబులు కూడా నేనే రాసేదాన్ని. రత్నాలు ఒకటి చెబితే నేను ఇంకొకటి రాసేదాన్ని. చివర్న అది పసుపులో బొటనవేలు అద్ది, కాగితం అడుగున గట్టిగా నొక్కేది. అదే దాని సంతకం.

తొంభై తొమ్మిది జూన్‌లో కార్గిల్ నుంచి ఉత్తరం వచ్చింది. యుద్ధం గురించి రెండే ముక్కలు రాశాడు. మంచులో, కిరసనాయిలు పొయ్యి పక్కన కూర్చుని రాస్తున్నానన్నాడు. తర్వాత ఇలా ఉంది: "ఈసారి సెలవుకి వచ్చినప్పుడు నీకు అక్షరాలు నేనే నేర్పుతాను. మన మాటల మధ్య మూడో మనిషి వద్దు."

మూడో మనిషి. ఆ మాట కూడా దాటేశాను.

ఆ సాయంత్రం జవాబు రాయడానికి కూర్చున్నాం. అమ్మవారికి మొక్కుకున్నానని, త్వరగా రమ్మని రత్నాలు చెప్పింది. నేను తల ఊపుతూ రాశాను.

"బావా, నువ్వు తిరిగి రావద్దు. నా మనసులో నువ్వు లేవు. నువ్వు రాకపోయినా నేను ఏడవను."

రత్నాలు నవ్వుతూ దాని కింద బొటనవేలు నొక్కింది.

జూలై రెండో వారంలో టెలిగ్రాం వచ్చింది. జెండా కప్పిన పెట్టె నందిగాం చేరింది. తెరవొద్దన్నారు. రత్నాలు ఆ పెట్టె మీద పడి ఏడిస్తే ఊరంతా ఏడ్చింది. వదిన వరసలో ఏడవగలిగినంత ఏడుపే నాకు దక్కింది. చచ్చిపోయాక కూడా అతను దానివాడే. ఆ ఊరేగింపులో నడుస్తూ నేను అనుకున్నది అదే. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది.

అతని ట్రంకుపెట్టెలో మా ఉత్తరాలన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి ఉన్నాయి. ఎవరూ లేనప్పుడు ఒక్కొక్కటీ విప్పి చూశాను. చివరిది లేదు. చేరలేదేమో అనుకున్నాను. చేరి ఉండదు... చేరి ఉండదు.

దినాలయ్యాక రత్నాలుని మా ఇంటికి తెచ్చుకున్నాం. శ్రావణంలో ఒక మధ్యాహ్నం సైకిల్ గంట వినబడింది. పోలారావు తల దించుకుని ఉత్తరం చేతికిచ్చాడు.

"దారిలో ఆగిపోయుంటాదమ్మా. యుద్ధం గదా" అన్నాడు.

నీలం కాగితం. చల్లగా ఉంది. ఎండకి గట్టు మీద కాలు పెట్టలేని రోజు అది. కాగితం మాత్రం కుండ అడుగులా చల్లగా ఉంది. కిరసనాయిలు వాసన. ముద్ర మీద తేదీ అలుక్కుపోయింది.

రత్నాలు చేతులు కడుక్కుని వచ్చింది. ఈసారి ఉత్తరాన్ని బుగ్గకి ఆనించుకోలేదు. గుట్ట పక్కన కూర్చుని, "సదువు" అంది.

విప్పాను. అదే దస్తూరీ. మొదటి వరసలోనే ఉంది. "నీ మెడ వెనక పుట్టుమచ్చ నిన్న కలలోకి వచ్చింది."

పాత మాట. ఎప్పుడో నేను దాటేసిన మాట. ఒకే మాట రెండుసార్లు రాశాడేమో అనుకున్నాను. అలవాటుగా నోరు కదిలింది.

"నేను క్షేమంగా ఉన్నాను" అని చదివాను.

రెండో వరస చూశాను.

"నేను రాసింది అది కాదు."

చెవుల్లో హోరు. సముద్రం చప్పుడు వినబడడం లేదు. కొబ్బరాకులు కూడా కదలడం లేదు.

"ఆపీసినావేటప్పా?"

"లేదు... ఇక్కడ వానలు పడుతున్నాయి, అని రాశాడు."

మూడో వరస.

"అదీ కాదు, రజనీ."

నా వేళ్ళు కాగితానికి అతుక్కుపోయినట్టున్నాయి. కిరసనాయిలు వాసన ఎక్కువైంది. అది కాగితం నుంచి రావడం లేదు. నా వెనక నుంచి... డొక్కల గుట్ట వైపు నుంచి వస్తోంది. అక్కడ ఎవరో మెల్లగా ఊపిరి తీసుకుంటున్నారు. కొండెక్కి వచ్చిన మనిషి తీసుకున్నట్టు. ఆగి... ఆగి...

నేను తిరిగి చూడలేదు.

"రత్నాలూ" అన్నాను. "నేను నీకు సరిగ్గా చదవలేదు. ఒక్కటీ సరిగ్గా చదవలేదు."

అది నా వైపు చూసింది. కోపం లేదు. దుఃఖం కూడా లేదు.

"తెలుసప్పా" అంది నెమ్మదిగా. "దినాలైన కాణ్ణుంచి సందేళ వత్తన్నాడు. ఆ గుట్టెనక నిలబడి, ఉత్తరాలన్నీ మొదట్నుంచీ సదివి ఇనిపించినాడు. ఎంత బాగా రాసినాడో."

చెబుతున్నాను, నమ్మండి. ఆ క్షణంలో నాకు ముందు కలిగింది భయం కాదు. దాని దగ్గరకి వస్తున్నాడు. చచ్చిపోయి కూడా దాని దగ్గరకే వస్తున్నాడు.

"నన్ను... నన్ను అడిగాడా?" అన్నాను.

"అడిగినాడు."

రత్నాలు నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని మడత పెట్టింది.

"నువ్వు రాసిన ఉత్తరం ఒకటి ఉందంట. అది మాత్తరం నాకు సదవలేదు. నీ కాడికొచ్చి నీకే సదువుతానన్నాడు." గొంతు తగ్గించి అడిగింది. "ఏటి రాసినావప్పా అందల?"

ఊపిరి చప్పుడు ఆగింది. కొబ్బరాకులు కదిలాయి.

ఆ తర్వాత నాకు తెలిసి ఉత్తరాలేవీ రాలేదు. అత్త వచ్చి రత్నాలుని నందిగాం తీసుకుపోయింది. ఆరు నెలల్లో అక్షరాలన్నీ నేర్చుకుందని కబురొచ్చింది. ఎవరు నేర్పారని నేను అడగలేదు. అమ్మ పోయాక, రెండు వేల రెండులో, నాకు టెక్కలిలో పెళ్ళయింది. మా ఆయన పేరు కూర్మనాథం, బట్టల కొట్లో పనిచేస్తాడు. నెమ్మదైన మనిషి. పాత సంగతులేవీ అడగడు. నేనూ చెప్పలేదు. చాలాకాలం మధ్యాహ్నం పూట సైకిల్ గంట వినబడితే తలుపు వేసుకునేదాన్ని. తర్వాత అదీ మానేశాను.

మొన్న ఏప్రిల్‌లో, ఆదివారం. అన్నం తిని ఆయన నడవలో చాప మీద పడుకున్నాడు. కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. నేను గోడకి ఆనుకుని చింతపండు పిక్క తీస్తున్నాను. బయట ఎండ తెల్లగా మండుతోంది. వీధిలో మనిషి లేడు.

"బావా" అన్నాడు ఆయన.

నిద్రలో ఏదో అంటున్నాడనుకున్నాను. కళ్ళు మూసే ఉన్నాయి. చేతులు రెండూ గుండె మీద ఎత్తి పెట్టుకుని ఉన్నాడు. మధ్యలో ఏదో పట్టుకున్నట్టు.

"బావా... నువ్వు తిరిగి రావద్దు."

ఒక్కో మాటా విడదీసి. కూడబలుక్కుని చదివినట్టు.

"నా మనసులో... నువ్వు..."

ఆయన భుజం పట్టి కుదిపాను. నాలుగుసార్లు కుదిపాను. ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. ఏం కలొచ్చిందని అడిగితే, కలేమీ రాలేదన్నాడు. మంచినీళ్ళు తెచ్చిచ్చాను. గ్లాసు నోటికి ఆనగానే మొహం చిట్లించి పక్కన పెట్టేశాడు.

"మండుతోంది. ఏటైందో సూడు" అన్నాడు.

తలుపు దగ్గర వెలుతురులోకి తీసుకొచ్చి చూశాను. ఆయన పెదాలు తెల్లబారి, నిలువునా చీలి ఉన్నాయి... చాలా రోజులు మంచులో ఉండి వచ్చిన మనిషి పెదాల్లా.