దానియేలు మేస్త్రి వాసన

గేటు దగ్గరి ఘ్రాణిక షంషాద్‌ను పలకరించి, ఆమె పొద్దున పెసరట్టు తిన్నదనీ, రాత్రి సరిగా నిద్రపోలేదనీ, ప్రస్తుతం కంగారుగా ఉన్నదనీ మర్యాదగా ప్రకటించింది. వెనక వరసలో నిలబడ్డ పాతికమందీ విన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. ఈ రోజుల్లో ఎవరి వాసన దాగింది గనక.

చొక్కా బొత్తాం అంత ఉండే ఈ కృత్రిమ నాసిక వచ్చి ముప్పయ్యేళ్లయింది. పాలు అడుగంటబోతున్నాయనీ, మామిడిపండు రేపటికి తినొచ్చనీ, పిల్లాడికి సాయంత్రానికి జ్వరం తగులుతుందనీ అదే చెబుతుంది. కొత్తిమీర కట్ట ముక్కు దగ్గర పెట్టుకుని బేరమాడే అలవాటు ఏనాడో పోయింది. జనానికి ముక్కులు కళ్లజోడు ఆనడానికి తప్ప మరెందుకూ పనికిరాకుండా అయ్యాయి.

షంషాద్ కంగారుకు కారణముంది. కొండపల్లి ఘాట్ రోడ్డు మీద ఏటా జరిగే పెట్రోలు కార్ల పోటీకి ఇదే ఆఖరి ఏడు. వచ్చే సంవత్సరం నుంచి కొండ మీదికి పెట్రోలు బండి ఎక్కనివ్వరు. ఒక్కొక్క కారూ విడిగా కొండెక్కాలి, తక్కువ సమయంలో ఎక్కినవాళ్లు గెలిచినట్టు. మూడేళ్లుగా ఆమె కారు మూడో మలుపు దాటకుండానే ఆగిపోయింది. ఈసారైనా శిఖరం చూడాలని ఆమె పంతం.

కారు దగ్గర దానియేలు మేస్త్రి బానెట్ మీద చెయ్యివేసి నిలబడి ఉన్నాడు. విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లుగా పెట్రోలు బండ్లు బాగుచేస్తున్న మనిషి. షంషాద్‌కు ఎక్కాల కన్నా ముందు స్పానర్ల నంబర్లు నేర్పింది ఆయనే.

"ఈసారి కూడా ఆగుతుందా బాబాయ్?"

"ఎందుకాగుద్ది? ఇంజనుకేమో కుండెడు దాహం, పాత పంపేమో ఉగ్గుగిన్నెతో పోసేది. ఇప్పుడు ట్యాంకులో పెద్ద పంపు ఏశా. పంపొక్కటే మారిస్తే సన్న గొట్టంలో ఇరుక్కుంటదని గొట్టం కూడా లావుది బిగించా. జాయింట్లన్నీ కొత్తయ్యే. నువ్వు తొక్కు, అది తాగుద్ది."

పరీక్షాధికారి వరూధిని వచ్చింది. ఆమె చేతిలో ఉన్నది పరీక్ష ఘ్రాణిక, మామూలువాటి కన్నా వందరెట్లు చురుకైనది. పని చేసిన మేస్త్రి పక్కనే నిలబడి ఉండగా ఇంజను నడిపి చూపాలన్నది నియమం. నడిపి చూపారు.

"పెట్రోలు లీకు ఉంది," అంది ఘ్రాణిక.

దానియేలు ముఖం మాడిపోయింది. కారు కిందికి దూరి, పంపు దగ్గరి జాయింటు విప్పి, మళ్లీ బిగించాడు. ఘ్రాణిక మళ్లీ లీకన్నది. మళ్లీ విప్పాడు. ఆ జాయింటులో రాగి వాషరు ఉంటుంది. ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే, విప్పిన ప్రతిసారీ కొత్తది వెయ్యాలి. తెచ్చుకున్నవి అయిపోయాయి. రెండోసారి విప్పినప్పుడు దానియేలు పాతదాన్నే చొక్కాకు తుడిచి, తిరగేసి వేశాడు.

"తిరగేస్తే కొత్తదే," అన్నాడు. ఆటోనగర్‌లో ఆ మాట అనని మేస్త్రి లేడు.

"పెట్రోలు లీకు ఉంది," అంది ఘ్రాణిక మూడోసారి.

వరూధినికి అనుమానం వచ్చింది. పరికరాన్ని కారుకు దూరంగా జరిపి, దానియేలు చేతుల దగ్గర పెట్టింది. అది గొంతు చించుకుంది.

"దానియేలు గారూ, లీకు బండిలో లేదు. మీలో ఉంది."

పనవగానే అర లోటా పెట్రోలుతో జిడ్డు కడుక్కోవడం ఆయనకు భోజనం ముందు చేతులు కడుక్కోవడం లాంటిది. నలభై ఏళ్ల పెట్రోలు చర్మంలో ఇంకిపోయింది. ఇక సబ్బుకు లొంగేది కాదు.

వరూధిని పరికరాన్ని వెనక్కి తీసుకుంది. "నియమం ప్రకారం మీరు ఇక్కడే ఉండాలి. అందుకని ఈ వాసనను మీ పేరు మీద నమోదు చేస్తాను. యంత్రం మిమ్మల్ని మనిషిగా లెక్కవేసుకుని, మిగిలినదే చూస్తుంది."

నమోదు చేసింది. నాలుగోసారి ఇంజను నడిపారు.

"దానియేలు గారు ఉన్నారు. లీకు లేదు," అంది ఘ్రాణిక.

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. దానియేలు కూడా నవ్వాడు. "మా ఆవిడ పెళ్లయినకాడ్నించీ ముక్కు మూసుకుంటంది. ఇప్పుడు సర్కారు కూడా రాసేసుకుంది."

పరీక్ష ఘ్రాణికలో నమోదైనది కారులో బిగించి ఉన్న ఘ్రాణికకూ చేరిపోయింది. షంషాద్ వంతు వచ్చింది. జెండా ఊపగానే కారు కొండమీదికి దూసుకుపోయింది. మొదటి మలుపు, రెండో మలుపు. ఇంజను అడిగినంతా తాగుతోంది. మూడో మలుపులో ఆమె ఊపిరి బిగబట్టి తొక్కింది. కారు తొణక్కుండా దాటేసింది. షంషాద్ ఒక్కతే కారులో కేకపెట్టింది. ఇంత సంతోషం ఆమెకు చాలా ఏళ్లుగా లేదు.

"దానియేలు గారు వచ్చారు," అంది ఘ్రాణిక.

షంషాద్ నవ్వుకుంది. తోడొచ్చాడు కాబోలు అనుకుంది. నాలుగో మలుపు కూడా దాటింది. ఇంకొక్కటే మిగిలింది.

"దానియేలు గారు చాలా దగ్గరగా ఉన్నారు."

ఆమె నవ్వు ఆగిపోయింది. బాబాయ్ కొండ కింద ఉన్నాడు. మరి ఇక్కడికి వచ్చిందెవరు? కాలు దానంతటదే బ్రేకు మీదికి పోయింది. పంపు మీట కట్టేసి, కిందికి దూకి వంగి చూసింది. పంపు జాయింటు దగ్గర పెట్రోలు చినుకులు చినుకులుగా కారుతోంది. జానెడు దూరంలో పొగగొట్టం కణకణలాడుతోంది.

పావుగంటకు దానియేలు రొప్పుకుంటూ కొండెక్కి వచ్చాడు. వెనకే వరూధిని. ఆయన కారు కిందికి ఒకసారి చూసి, అక్కడే రోడ్డు మీద చతికిలబడ్డాడు.

"వాషరు తిరగేసి ఏసింది నేనే. ఉత్త ఇంజనుకు ఆగింది గానీ కొండెక్కే ఒత్తిడికి ఆగలా. నిన్ను నేనే తగలబెట్టేవాణ్ణి."

"తప్పు మా యంత్రానిది కూడా," అంది వరూధిని. "లీకును లీకని చెప్పకుండా మీ పేరు చెప్పింది. ఆ నమోదు ఇప్పుడే కొట్టేస్తాను. షంషాద్ గారూ, ప్రమాదం చూసి ఆగిన బండికి ఇంకోసారి అవకాశం ఉంటుంది. కొత్త వాషరు తెప్పించుకుని సాయంత్రం నాలుగింటికి రండి."

"వస్తా మేడం. కానీ తప్పు చెప్పిందంటే నేనొప్పుకోను," అంది షంషాద్. "పొద్దుట్నించీ అది లీకంటే ప్రతిసారీ ఉత్తదే అయింది. పైకొచ్చాక కూడా లీకంటే దాని మొహం, పోనియ్యి అనుకుని తొక్కేసేదాన్నే. బాబాయ్ వచ్చాడంది. అందుకే ఆగా."

దానియేలుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోబోయి, తన చేతులు చూసుకుని ఆగిపోయాడు. షంషాద్ తన చున్నీ కొంగుతో ఆయన కళ్లు తుడిచింది.