నీళ్లు తగ్గాయా?

యావో నోయ్ దీవి జాలరులు తూర్పు వైపు వెళ్ళాల్సొస్తే ఆ రాతికొండని దూరంగా వదిలేసి చుట్టూ తిరిగి పోతారు. డీజిలు దండగ, పొద్దు దండగ. అయినా సరే. నీళ్ళలోంచి నిట్టనిలువుగా లేచిన కొండ అది. ఆ అఖాతంలో అలాంటి కొండలకి లెక్కలేదు. కానీ ఈ ఒక్కదాని అడుగున ఒక నోరుంది.

సముద్రం తగ్గినప్పుడు ఆ నోరు తెరుచుకుంటుంది. పోటు ఎక్కిందంటే మూసుకుపోతుంది... అక్కడ సొరంగం ఉందని చెప్పినా ఎవరూ నమ్మరు, ఒట్టి రాయి. సొరంగంలో ఒక మలుపు తిరిగి లోపలికి పోతే కొండ కడుపులో పెద్ద గది. చుట్టూ గోడలు, పైన ఆకాశం, అడుగున మడచెట్లు. లోపలికి వచ్చినా బయటికి పోయినా ఆ ఒక్క దారే.

దాన్ని మూగ గది అంటారు. లోపల ఏం వినిపించినా పలకకూడదట. ఎందుకని అడిగితే పెద్దవాళ్ళు మాట మార్చేస్తారు.

తావీ కూడా ఆ మాట విన్నాడు గానీ పట్టించుకోలేదు. అతనిది సముద్రం మొహం చూడని ఊరు. ఎక్కడో ఉత్తరాన వరి పొలాల్లో పుట్టి, పడవ ఇంజన్లు బాగుచేసే పనికని తీరానికి వచ్చి, యావో నోయ్ పిల్ల నూరియాని చేసుకుని అక్కడే ఉండిపోయాడు. నూరియా తల్లి రోకియ. మొగుడు పోయినప్పటి నుంచి పడవ ఆవిడే నడుపుతోంది. అల్లుడిని ఆవిడ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. నేల మీద పుట్టినోడని "మెట్టోడా" అనేది.

వానాకాలం అది. అమావాస్య. పొద్దున్నే తావీ ఫోన్లో వాతావరణం విన్నాడు. సాయంత్రానికి పడమటి గాలి బలపడుతుందని, అలలు పెద్దవి లేస్తాయని, చిన్న పడవలు ఒడ్డు వదలొద్దని.

"అత్తా, ఇవాళ వద్దంటున్నారు," అన్నాడు.

రోకియ పీతల బుట్టలకి కట్టే తాడు చుట్టలు చుడుతోంది. తలెత్తలేదు. "ఎవరు వద్దంటున్నారు?"

"వాతావరణం వాళ్ళు."

"వాళ్ళ బుట్టలు నీళ్ళలో ఉన్నాయా?"

"మీవున్నాయనే చెప్తున్నా. రేపు తెచ్చుకుందాం."

"గాలొస్తే రేపటికి బుట్టలుండవు. వాళ్ళు సాయంత్రం అన్నారు కదా... సాయంత్రంలోపు వచ్చేద్దాం. భయమైతే నువ్వు ఇంట్లో కూర్చుని కొబ్బరి కోరు, మెట్టోడా."

ఆ మాటన్నాక ఏ మగాడు ఇంట్లో కూర్చుంటాడు? వెళ్ళాడు.

గాలి సాయంత్రం దాకా ఆగలేదు. సగం బుట్టలు లాగారో లేదో, పడమట ఆకాశం గాయం కమిలినట్టు నల్లబడింది. ఒక్క క్షణం అంతా ఉక్కపోత... గాలి ఊపిరి బిగబట్టినట్టు. ఆ తర్వాత వాన గోడలా నడుచుకుంటూ వచ్చేసింది. ఇంటి వైపు తిప్పితే అల పక్కనుంచి కొడుతోంది. పడవ తిరగబడుతుందని తావీకి కూడా తెలిసిపోయింది.

రోకియ ఇంజను పిడి లాక్కుని కొండ వైపు తిప్పింది.

"అటెందుకు? రాళ్ళున్నాయి."

"రాళ్ళ కింద నోరుంది." ఆవిడ మొహం మీద నీళ్ళు కారుతున్నాయి. "లోపల అల ఉండదు. పడుకో. తల రాయికి కొట్టుకుంటుంది."

ఇద్దరూ పడవలో వెల్లకిలా పడుకుని, అరచేతులతో సొరంగం కప్పుని నెట్టుకుంటూ లోపలికి జరిగారు. కప్పుకి అంటుకున్న ఆల్చిప్పలు చేతులు కోశాయి. మలుపు దగ్గర వెలుతురు పూర్తిగా పోయింది. అక్కడ రోకియ అతని చెవి దగ్గర నోరు పెట్టి, "ఇక్కణ్ణుంచి మాట్లాడకు," అంది.

గదిలోకి వచ్చి పడ్డారు. నిజమే... అల లేదు. గాలి ఎక్కడో పైన, కొండ అంచు మీద అరుస్తోంది. వాన మాత్రం బావిలో పడ్డట్టు సూటిగా పడుతోంది. పడవని మడచెట్టుకి కట్టేశారు. తావీకి ప్రాణం లేచొచ్చింది.

ఆ సంతోషం ఎంతోసేపు లేదు. వెనక్కి తిరిగి చూశాడు. తాము వచ్చిన దారి అప్పటికే సగమైంది. చూస్తుండగానే పిడికెడైంది. తర్వాత... లేదు. రాయి, రాయికి ఆనుకుని నీళ్ళు. అంతే. కప్పులో ఒక చీలిక మాత్రం మిగిలింది, చెయ్యి పట్టేంత. నీరు ఎగదన్నినప్పుడల్లా అందులోంచి గాలి బయటికొచ్చి, మళ్ళీ లోపలికి పోతోంది. ఏదో పెద్ద జంతువు నిద్రపోతున్నట్టు.

చీకటి పడింది. వాన వెలిసింది. నీళ్ళు మాత్రం ఎక్కుతూనే ఉన్నాయి. మడచెట్ల వేళ్ళు మునిగాయి, మొదళ్ళు మునిగాయి. పడవ పైకి లేస్తుంటే తాడు బిగుసుకుంది, వదులు చేశాడు. మళ్ళీ బిగుసుకుంది. అమావాస్య పోటు మామూలుకంటే ఎక్కువని విన్నాడు. ఎంత ఎక్కువో తెలీదు. తలెత్తి చూస్తే గోడలు, గోడల పైన నాలుగు చుక్కలు. ఎక్కడానికి పట్టు లేదు. అరిస్తే వినేవాళ్ళు లేరు. తన ఊళ్ళో ఎండిన బావిలో పడ్డ గేదె గుర్తొచ్చింది. రాత్రంతా అరిచి, తెల్లారేసరికి అరవడం మానేసింది. 

దీపం తలకి కట్టుకునే ఉన్నాడు గానీ వెలిగించలేదు. బ్యాటరీ దాచుకోవాలి. పక్కన రోకియ పెదాలు కదుపుతూ దువా చదువుకుంటోంది.

అప్పుడు వినిపించింది.

చీలిక వైపు నుంచి. సన్నగా, బొంగురుగా—

"నీళ్లు తగ్గాయా?"

తావీ గాలేమో అనుకున్నాడు. రోకియ దువా ఆగిపోయింది. చల్లటి చెయ్యి వచ్చి అతని నోటి మీద పడింది.

చాలాసేపు ఏమీ లేదు. సొరంగం ఊపిరి తీస్తోంది, వదులుతోంది.

"నీళ్లు... తగ్గాయా?"

మనిషి గొంతే. అలిసిపోయిన గొంతు. తావీ ఆవిడ చెయ్యి మెల్లగా తొలగించి గుసగుసగా, "ఎవరో ఉన్నారత్తా," అన్నాడు.

"ఉన్నాడు. మా తాతల కాలం నుంచీ ఉన్నాడు. పలక్కు."

"ఎవరు?"

 రోకియ ఒక్కో మాటా గాలిలో కలిపేసినట్టు చెప్పింది. "తినడానికి అమ్మే పిట్టగూళ్ళు కోసేవాడు. గోడ మీదుండగా పోటు వచ్చేసింది. దిగి సొరంగంలో ఈదాడు... మలుపు దగ్గర ఇరుక్కున్నాడు. తోడొచ్చినవాళ్ళు బయట పడవలో ఉన్నారు. 'నీళ్లు తగ్గాయా' అని అడిగాడు. వాళ్ళకి ఇంటికి పోవాలని తొందర. తగ్గాయి వచ్చెయ్ అన్నారు."

"తగ్గలేదా?"

"తగ్గలేదు."

పైన గాలి కూడా తగ్గిపోయింది. ఆ నిశ్శబ్దంలో మూడోసారి అడిగింది ఆ గొంతు. ఈసారి చివర్లో దగ్గింది.

దెయ్యాలు దగ్గుతాయా?

"అత్తా, గాలివానలో మనమొక్కళ్ళమే ఉన్నామా? ఎవరిదైనా పడవ పగిలి ఇందులో దూరాడేమో."

"బతికున్నోడైతే కాపాడమని అరుస్తాడు. తన పేరు చెప్తాడు, తల్లిని తలుచుకుంటాడు. ఇట్లా అడగడు."

"ఇప్పుడు ఎవరైనా కనిపిస్తే మనం మాత్రం ఇంకేం అడుగుతాం?"

 రోకియ అతని మణికట్టు వదల్లేదు. గోళ్ళు దిగేంతగా పట్టుకుంది.

గొంతు మళ్ళీ అడిగింది. ఎవరూ పలకరని తెలిసి అడిగినట్టుంది ఆ అడగడం. అక్కడే తావీ ఉండబట్టలేకపోయాడు.

"తగ్గలేదు," అన్నాడు గట్టిగా. "ఇంకా ఎక్కుతున్నాయి. ఉన్నచోటే ఉండు. కదలకు."

ఆ మాటలు గోడలకి తగిలి చుట్టూ తిరిగాయి. రోకియ తలగుడ్డతో మొహం కప్పేసుకుంది. సొరంగం ఒక ఊపిరి తీయడం మర్చిపోయినట్టు తావీకి అనిపించింది.

ఏమీ జరగలేదు.

కాసేపటికి గొంతు అడిగింది. "నీళ్లు తగ్గాయా?"

"ఇంకా లేదు. నేను చెప్తాను. ఉండు."

అట్లా మొదలైంది. అడగడం, ఇతను చెప్పడం. ఒక్కోసారి మధ్యలో ఎంతో విరామం. ఆ విరామంలోనే తావీకి భయం ఎక్కువయ్యేది... పోయాడేమో, తనే ఒంటరిగా మాట్లాడుతున్నాడేమోనని. పోటు పూర్తయి నీరు కదలకుండా నిలబడిపోయింది. తల మీది కొమ్మలు చేతికందుతున్నాయి. అక్కడ ఆగిందంటే ఆగింది. ఇంకొంచెం ఎక్కితే పడవ కొమ్మల్లో ఇరుక్కునేది.

తావీ గొంతు పోయింది. తర్వాతిసారి ప్రశ్న వచ్చినప్పుడు జవాబు పక్కనుంచి వచ్చింది.

"లేదయ్యా. ఇంతసేపు ఓర్చుకున్నావు, ఇంకాస్త ఓర్చుకో," అంది రోకియ. ఆ తర్వాత అల్లుడితో, "ఏంటి చూస్తున్నావు? నువ్వు మొదలుపెట్టింది ఎవరో ఒకరు తెమల్చాలి కదా," అని కసిరింది. 

ఏ జాముకో మడచెట్టు మొదలు మీద, నీళ్ళ పైన, తడి చార చేతికి తగిలింది. రోకియ వేళ్ళతో తడిమి చూసింది. మళ్ళీ తడిమింది. నీరు దిగుతోంది. తొందరపడనివ్వలేదు ఆవిడ. సొరంగం నోరు తెరుచుకున్నాక కూడా, పడవ పట్టేంత ఎడం వచ్చేదాకా ఆపింది.

"ఇప్పుడు చెప్పు," అంది.

తావీ లేచి నిలబడ్డాడు. "తగ్గాయి. నిజంగానే తగ్గాయి. రా."

జవాబు లేదు.

దీపం వెలిగించి పడవని సొరంగంలోకి నెట్టారు. మలుపు దగ్గర, కప్పు కింద గూడులాంటి చోట సన్నటి రాతిగట్టు. దాని మీద ఒక మనిషి. మోకాళ్ళు కడుపులోకి లాక్కుని కూర్చున్నాడు. పెదాలు నీలం. కళ్ళు తెరిచే ఉన్నాయి. వెలుతురు పడగానే రెప్పలు కొట్టుకున్నాయి.

"చూశారా అత్తా," అన్నాడు తావీ. అతనికి నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. "మీ తాతల నాటి మనిషి."

రోకియ ఆ మనిషిని ఒళ్ళోకి లాక్కుని తన తలగుడ్డ అతని భుజాల చుట్టూ కప్పింది.

బయట సముద్రం బడలికగా ఊగుతోంది. గాలి లేదు. చలికి ముద్దలా బిగుసుకున్న మనిషి ఫ్లాస్కులో తీపి టీ తాగాక కాస్త కదిలాడు. పేరు సమాన్. అవతలి ఒడ్డు క్రాబీ వైపు మనిషి. గాలివానలో పడవ రాతికి కొట్టుకుని ముక్కలైంది. ఈది సొరంగంలో దూరాడు. ఇదంతా మాట మాటకీ ఆగుతూ చెప్పాడు. యావో నోయ్ దీపాలు కనిపిస్తుండగా తావీ వైపు తిరిగి అడిగాడు.

"ఉన్నచోటే ఉండమన్నది నువ్వేనా?"

"నేనే. చివర్లో అత్తయ్య. నువ్వు అడిగినప్పుడల్లా చెప్పాం కదా."

సమాన్ గ్లాసు కింద పెట్టాడు.

"నేనొక్కసారి కూడా అడగలేదు," అన్నాడు. "నాకు నోరు పెగల్లేదు. అడిగినాయన నా పక్కన కూర్చున్నాడు."

తావీ ఇంజను వేగం తగ్గించాడు.

"నీళ్ళు గడ్డం దాకా వచ్చినప్పుడు దూకేద్దామనుకున్నా. ఈదితే ఈదుతా, పోతే పోతా అని. భుజం మీద చెయ్యి పడింది. మీరు ఉండమన్నప్పుడల్లా ఆ చెయ్యి నన్ను నొక్కి పట్టుకుంది... మీరు తగ్గాయన్నాక వదిలేసింది."

"తర్వాత?" అంది రోకియ.

"మీరు దీపంతో వచ్చారు. ముందు ఆయనే ఎక్కాడు."

తావీ పడవ ముక్కు వైపు చూడలేదు. చూడాలని మెడ తిరగబోతే బలవంతాన ఆపుకున్నాడు. రోకియ చూసింది. అక్కడ తడి చెక్క, తెచ్చిన నాలుగు బుట్టలు, వాటి మధ్య మనిషి కూర్చునేంత ఖాళీ. ఆవిడ ఆ ఖాళీని అట్లాగే చూస్తూ ఉండిపోయింది, ఒడ్డు ఇసుక పడవ అడుగుకి రాసుకునేదాకా.

తావీ ఇంజను ఆపాడు.

రోకియ గొంతు సవరించుకుంది. ఇంటికొచ్చిన పెద్దమనిషితో మాట్లాడినట్టు, మెల్లగా అంది.

"వచ్చేశాం. చూసి దిగండి. ఇక్కడ మోకాటి లోతే."

ఎవరూ కదల్లేదు. సమాన్ రోకియని ఆనుకునే ఉన్నాడు. తావీ వెనక ఇంజను దగ్గరున్నాడు.

పడవ ముక్కు మెల్లగా పైకి తేలింది. తావీ కాళ్ళ కింద వెనక భాగం ఆ మేరకి కిందికి దిగింది... ముందు నుంచి ఒక మనిషి బరువు దిగిపోయినట్టు.