జున్ను ఆగిన చోటు

మిరపకాయ బజ్జీ ఒకటి ఇందుమతి కాళ్ళ ముందు పడి దొర్లింది. జున్ను దాన్ని చూసింది. దాని ముక్కు ఒకసారి కదిలింది. అంతే, తల తిప్పేసుకుని, ఇందుమతి ఎడమ మోకాలికి భుజం ఆనించి మళ్ళీ నడక సాగించింది.

ఇందుమతి ఊపిరి వదిలింది. బజ్జీని కావాలనే పడేశారని ఆమెకు తెలుసు. పరీక్షలో అదొక అంశం. ముందు పసిపిల్లవాడు వచ్చి జున్ను తోక లాగాడు. తర్వాత చక్రాల పెట్టె ఒకటి చెవి పక్కనే ధడాలున పడింది. కదిలే జారుబాట మీద ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు కూడా జున్ను తడబడలేదు.

రాజమహేంద్రవరం నేల కింద కట్టిన గోదావరి కూడలిలో ఆ ఉదయం ఇసుక వేస్తే రాలనంత జనం ఉన్నారు. నాలుగు దిక్కుల నుంచి వచ్చే బళ్ళు అక్కడే కలుస్తాయి. అంతమందిలో ఒక్కరూ తోసుకోవడం లేదు, అరవడం లేదు. చంటిపిల్లల తల్లులు, ఆలస్యమైన ఉద్యోగులు, కర్రలు పట్టుకున్న ముసలివాళ్ళు, అందరూ ఒకే నిదానంతో నడుస్తున్నారు. అందరి మణికట్ల మీదా ఆకుపచ్చ చుక్క వెలుగుతోంది.

అది నెమ్మదిపట్టీ. పూర్వం జనం గుమిగూడిన చోట ఒకరికి భయం పుడితే అది క్షణంలో వందమందికి పాకేదని, తొక్కిసలాటల్లో మనుషులు చనిపోయేవారని ఇందుమతి బడిలో చదువుకుంది. ఇప్పుడు మనసులో భయం మొలకెత్తగానే పట్టీ కనిపెడుతుంది. మణికట్టు నరం గుండా మెదడుకు చిన్న స్పందన పంపి దాన్ని అణిచేస్తుంది. అయిదో ఏట అందరికీ పట్టీ కడతారు. అది ఇక జీవితాంతం చేతికే ఉంటుంది.

ఇందుమతికి కూడా కట్టారు. కట్టిన మధ్యాహ్నమే మూర్ఛ వచ్చింది. మళ్ళీ పదో ఏట ప్రయత్నించారు, మళ్ళీ వచ్చింది. ఆ అమ్మాయి నరాలకు పట్టీ పడదని డాక్టర్లు తేల్చేశారు. అందుకే ఆమెకు భయం వేస్తుంది. మామూలుగా కాదు. గుంపులోకి వెళితే గొంతు పూడుకుపోయి, చెవుల్లో హోరు పుట్టి, కాళ్ళు ఎటు పోతున్నాయో తెలియనంతగా వేస్తుంది. పట్టీ లేనివాళ్ళు రద్దీ ప్రదేశాలకు రావాలంటే తోడుకుక్క ఉండి తీరాలన్నది చట్టం. ఆ కుక్క ఈ కూడలిలో పరీక్ష నెగ్గి తోడుబిళ్ళ తెచ్చుకోవాలి.

జున్ను ఇప్పటికే రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే ఇక పరీక్ష పెట్టరు. ఇందుమతికి పశువైద్యం చదవాలని ఉంది. ఇంట్లో తెర ముందు కూర్చుని ఎన్నయినా చదవవచ్చు గానీ, ఆవు కడుపు మీద చెయ్యి పెట్టి దూడ కదలికను తెలుసుకోవడం తెర నేర్పదు. కళాశాలకు రోజూ ఈ కూడలి దాటి వెళ్ళాలి. మరో దారి లేదు.

విరామంలో టీ కొట్టు బల్ల దగ్గర కూర్చున్నారు. జున్ను బల్ల కిందకు దూరి, తోక ఎవరి కాళ్ళకూ అడ్డం రాకుండా చుట్టుకుని పడుకుంది. అదీ పాఠమే. తోడుకుక్కల బడిలో జున్నుకు పాఠాలు నేర్పిన నూకరత్నం ఎదురుగా కూర్చుని టీ ఊదుకుంటోంది.

"అత్తా, నా చేతులు చూడు. ఎలా వణుకుతున్నాయో," అంది ఇందుమతి.

"వణకనీవే. పరీక్ష నీ చేతులకి కాదు, దాని కాళ్ళకి."

"నీకు కంగారుగా లేదా?"

"నీ బదులు నేను కంగారు పడదామనే చూత్తన్నానే. ఈ పట్టీ పడనివ్వట్లేదు," అని నూకరత్నం మణికట్టు చూపించి నవ్వింది. "బజ్జీ కాడ చూశావా? రాయిని చూసినట్టు చూసింది. ఎండాకాలమంతా మా ఇంట్లో చేపల కంపు భరించినందుకు ఇవాళ ఫలితం వచ్చింది."

మొదటి పరీక్షలో జున్ను ఉన్నట్టుండి చేపలమ్మే ఆవిడ దగ్గరకు వెళ్ళి ఆమె కాళ్ళకు ఆనుకుంది. రెండోసారి సమోసాల బండి అతని దగ్గరకు వెళ్ళింది. 'తిండికి లొంగింది' అని రెండుసార్లూ తప్పించారు. అప్పటి నుంచి నూకరత్నం రోజూ చేపల బుట్ట, వేడి సమోసాలు ముందు పెట్టి, ముట్టుకోకపోతేనే మెచ్చుకుంటూ దాని ఆశ మాన్పించింది.

పరీక్షాధికారి పరాంకుశం గాజుపలక చేతపట్టుకుని వచ్చాడు. జుట్టు నెరిసిన మనిషి, మాట మెత్తన.

"తిండి విషయంలో చాలా మెరుగుపడిందమ్మా. ఇంక ప్లాట్‌ఫారం ఒక్కటే మిగిలింది. ఆ చివర నీలం స్తంభం కనిపిస్తోందా? అక్కడిదాకా వెళ్ళి దాన్ని తాకితే చాలు. మధ్యలో వెనక్కి తిరిగితే మాత్రం పరీక్ష తప్పినట్టే."

"సరేనండి," అంది ఇందుమతి. ఆ మాట ఆమెకే సరిగా వినిపించలేదు.

ప్లాట్‌ఫారం మీద జనం ఇంకా చిక్కగా ఉన్నారు. కొంత దూరం వెళ్ళేసరికి ఆమె మెడ వెనక చెమట పట్టింది. మనుషుల భుజాలు గోడల్లా దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించింది. ఆమె నోరు తెరవకముందే జున్ను ఆగి, అడ్డంగా నిలబడి, తన బరువంతా ఆమె కాళ్ళ మీద మోపింది. ఆ వెచ్చదనం మోకాళ్ళ నుంచి మెల్లగా పైకి పాకింది. ఇందుమతి దాని వీపు మీద చెయ్యి వేసి, గాలి లోపలికి పీల్చి, వదిలింది. హోరు తగ్గింది. వెనక పరాంకుశం పలక మీద ఏదో గుర్తు పెట్టుకున్నాడు. అది మంచి గుర్తే అయి ఉంటుంది.

మళ్ళీ నడిచారు. సగం దూరం దాటారు. అప్పుడు తాడు బిగిసింది.

జున్ను పక్కకు తిరిగింది. అక్కడ బల్ల మీద ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి, ఆకాశనీలం చీర, ఒళ్ళో చేతిసంచి. చుట్టుపక్కల తిండి లేదు. జున్ను నేరుగా వెళ్ళి ఆమె మోకాళ్ళకు ఒళ్ళంతా ఆనించి నిలబడింది. కాసేపటి క్రితం ఇందుమతికి ఎలా ఆనుకుందో, సరిగ్గా అలాగే.

ఇందుమతి తాడు పట్టుకుని గబగబా దాని వెనకే వెళ్ళింది.

"ఏంటమ్మా మీ కుక్కకి నామీద ఇంత ప్రేమ?" ఆవిడ నవ్వుతూ అడిగింది. మణికట్టు మీద చుక్క పచ్చగా ఉంది.

"క్షమించండి. మీకు... మీకేమైనా భయంగా ఉందాండి?"

"భయమా? నాకా? లేదే," అంటూనే ఆవిడ జున్ను మెడలోని బొచ్చును గట్టిగా పట్టుకుంది. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. "కాకినాడ ఆస్పత్రికి వెళ్ళాలి. రొమ్ములో గడ్డ తగిలింది. ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం చెబుతాం రమ్మన్నారు. పొద్దుట్నించీ బళ్ళు పోతానే ఉన్నాయి. ఎక్కుదామని లేత్తాను, మళ్ళీ కూర్చుంటాను. కాళ్ళు ఎందుకు రావట్లేదో తెలీట్లేదమ్మా. పోయిన వారం కూడా ఇంతే. ఇక్కడే కూర్చుని కూర్చుని ఇంటికి వెళ్ళిపోయాను."

ఆ మాటలను ఆవిడ కూరగాయల ధర చెప్పినంత తేలిగ్గా చెప్పింది.

"ఇందుమతీ," వెనక నుంచి పరాంకుశం పిలిచాడు. "కుక్కని వెనక్కి పిలువు. వెంటనే వస్తే తప్పు రాయను."

"జున్నూ, ఇటు," అంది ఇందుమతి.

జున్ను ఆమె వంక చూసింది. ఒక్క క్షణం ఆలోచించినట్టు నిలబడి, తర్వాత వచ్చేసింది. వచ్చి ఎడమ మోకాలి పక్కన నిలబడింది. పరీక్ష ఇంకా మిగిలే ఉంది.

"ఇదేంటండీ రత్నంగారూ?" పరాంకుశం నూకరత్నాన్ని అడగడం వినిపించింది. "ఆ అమ్మాయి భయం వాసన ఒక్కటే పట్టాలి కదా. మనిషికీ మనిషికీ తేడా నేర్పలేదా?"

"ఎవరి మీద నేర్పాలండీ? ఈ పిల్ల చెమట గుడ్డలే సీసాల్లో దాచి నేర్పాను. ఈ జిల్లాలో భయపడేవాళ్ళు ఇంకెవరున్నారు, తెచ్చి పక్కన పెట్టడానికి?" అంటూ నూకరత్నం బల్ల మీది ఆవిడ వంక చూసింది. మెల్లగా అంది: "అప్పుడు చేపలావిడ దగ్గరికెళ్ళింది చేపల కోసం కాదన్నమాట."

పరాంకుశం తన పలక వంక చూసుకున్నాడు.

ఇందుమతి నాలుగు అడుగులు వేసింది. నీలం స్తంభం జనం తలల మీదుగా కనిపిస్తోంది. కాకినాడ బండి వస్తోందని గోడలోంచి గొంతు ప్రకటించింది. ఆమె తల తిప్పి చూసింది. ఆవిడ లేచి నిలబడి ఉంది. ముఖం మీద చిరునవ్వు అలాగే ఉంది. జున్ను నిలబడిన చోట, గాలిలో, ఆమె చెయ్యి ఇంకా అలాగే చాచి ఉంది. బండి వచ్చి తలుపులు తెరుచుకున్నాయి. ఆవిడ ఒక అడుగు వేసి, ఆగి, వెనక్కి వెళ్ళి బల్ల మీద కూర్చుంది.

స్తంభం తాకి వచ్చేదాకా బండి ఆగదు.

ఇందుమతికి ఒళ్ళంతా చెమట పట్టింది. ఆవిడకు పట్టీ ఉంది, ఏమీ కాదు అనుకుంది. ఆస్పత్రివాళ్ళే మళ్ళీ కబురు చేస్తారు అనుకుంది. వచ్చేవారం ఆవిడ మళ్ళీ వచ్చి ఇదే బల్ల మీద నవ్వుతూ కూర్చుంటుంది. ఆ పై వారం కూడా. గడ్డ మాత్రం ఆగదు.

ఆమె వెనక్కి తిరిగింది.

"అమ్మాయ్!" పరాంకుశం ముందుకు వచ్చాడు. "ఆలోచించుకో. ఆవిడ చుక్క పచ్చగానే ఉంది. కూడలి మొత్తంలో నువ్వు తప్ప ఎవరూ భయపడటం లేదని నా పలక చెబుతోంది."

"ఆవిడ కాళ్ళకి భయంగా ఉందండి," అంది ఇందుమతి. కొత్తవాళ్ళతో ఇంత గట్టిగా ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. చెప్పాక సిగ్గేసింది. అయినా ఆగలేదు.

జున్ను ఆమెకన్నా ముందే బల్ల దగ్గరకు చేరింది. ఇందుమతి ఆవిడ ముందు నేల మీద గొంతుక్కూర్చుంది.

"పాదాలు నేలకి గట్టిగా ఆనించండి. దీని వీపు మీద చెయ్యి వెయ్యండి. ఊపిరి మెల్లగా వదలండి. ఇంకొంచెం. కడుపులో ఏదో పిసుకుతున్నట్టుందా? నోరు ఎండిపోయిందా?"

"అవును... నీకెలా తెలుసు? గ్యాసనుకున్నాను."

"అది భయమండి."

ఆవిడ ఆశ్చర్యంగా చూసింది. ఆ కళ్ళు మెల్లగా నిండాయి. ఎందుకు నిండుతున్నాయో ఆమెకే అర్థం కానట్టు చేత్తో తడుముకుని, ఆ తడి చూసుకుంది.

"భయమంటే ఇలా ఉంటాదా?"

"ఇలాగే ఉంటుంది. భయం ఉన్నా నడవొచ్చండి. నేను రోజూ అలాగే నడుస్తాను."

"నువ్వు బండెక్కుతావా నాతో?"

ఇందుమతి బండి వైపు చూసింది. లోపల మనుషులు కిక్కిరిసి ఉన్నారు. గాలి ఆడేలా కూడా లేదు. పరీక్ష రోజు సాయంత్రం దాకా జున్నుకు అనుమతి ఉంటుంది. రేపటి నుంచి అదీ ఉండదు.

"ఎక్కుతానండి."

తలుపులు మూసుకోబోతుండగా ముగ్గురూ లోపల పడ్డారు. అద్దంలోంచి నూకరత్నం కనిపించింది. పట్టీ ఉన్న చేతిని రెండో చేత్తో గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. పక్కన పరాంకుశం పలక మీద రాయవలసింది రాస్తున్నాడు. వేలు ఒకచోట ఆగింది గానీ, ఎక్కువసేపు ఆగలేదు. ఇందుమతి అటు నుంచి చూపు తిప్పుకుంది.

బండి కదలగానే ఆవిడ ఇందుమతి చెయ్యి వెతికి పట్టుకుంది. రెండు చేతులూ చల్లగానే ఉన్నాయి. జున్ను ఒకసారి ఈమెకు, ఒకసారి ఆమెకు ఆనుకుంటూ కంగారుగా తిరిగింది. ఎవరి దగ్గర ఆగాలో దానికి తెలియలేదు.

"నా పేరు తాయారు. దిగేదాకా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమ్మా," అంది ఆవిడ. "నువ్వు ఆగిపోతే నా కడుపులో మళ్ళీ మొదలవుతాది."

"ఏం మాట్లాడనండి? నాకు మాట్లాడటం రాదు."

"నీకు మొట్టమొదట భయమేసింది ఎప్పుడో చెప్పు."

ఆ సంగతి ఇందుమతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో అడిగినవాళ్ళు లేరు. అడిగినా వాళ్ళకు అర్థమయ్యేది కాదు. ఆమె తల వంచుకుని, తాడు వేలికి చుట్టుకుంటూ మొదలుపెట్టింది.

"నాకు ఆరేళ్ళప్పుడండి. మా పెరట్లో గేదె ఈనుతోంది. దూడ కాళ్ళు బయటికొచ్చి ఆగిపోయాయి. అమ్మా వాళ్ళు అందరూ ప్రశాంతంగా నిలబడి చూస్తున్నారు. నాకొక్కదానికే అది చచ్చిపోతుందేమోనని..."

ఆపేద్దామనుకుంది. ఎదురు సీటులో ఉన్న పెద్దాయన చెవిలో మోగుతున్న పాట ఆపేశాడు. తలుపు దగ్గర నిలబడిన ఇద్దరు ఆడవాళ్ళు కాస్త దగ్గరికి జరిగారు. ఎవరి మణికట్టు చూసినా చుక్క పచ్చగానే ఉంది.

"అప్పుడు?" అన్నాడు పెద్దాయన, చెయ్యి తెలియకుండానే పొట్ట మీద పెట్టుకుని. "అప్పుడు నీకు లోపల ఎలా అనిపించిందమ్మా?"